దెబ్బ లేని కట్టు

యడ్ల పేర్రాజుని జీవితంలో కొట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆరో తరగతిలో లెక్కల మేష్టారు కొట్టాడు. ఆ దెబ్బతో బడి మానేశాడు. పని నేర్చుకునే రోజుల్లో సైకిలు షాపు యజమాని పానాతో కొట్టాడు. పెళ్ళిలో బావమరిది తాగి కొట్టాడు. వాళ్ళందర్నీ పేర్రాజు ఎప్పుడో క్షమించేశాడు. ఒంటిమీద చిన్న గీతయినా పడకుండా, మెత్తగా దూది పెట్టి, తెల్లటి గుడ్డతో పొందికగా కట్టు కట్టినవాడు మాత్రం ఒక్కడే. గవ్వలపేట మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంటు తలాటం కామేశం. వాణ్ణి ఈ జన్మలో క్షమించడు. వచ్చే జన్మ సంగతి అప్పుడు చూద్దామంటాడు.

పేర్రాజు పంక్చరు షాపు గవ్వలపేట కూరగాయల మార్కెట్టు గేటు పక్కన ఉండేది. నాలుగు రేకులు, ఒక గాలి పంపు, నీళ్ళ తొట్టి, కమ్మీకి వేలాడే పాత టైర్లు, అదే షాపు. స్థలం మునిసిపాలిటీది. పేర్రాజు నాన్న పోయేదాకా అక్కడే గాలి కొట్టాడు. ఆయన తరవాత పేర్రాజు కొడుతున్నాడు. లోపల ఆకుకూరల వరసలో భార్య నూకరత్నం కూర్చుంటుంది. ఏటా ఉగాది దాటాక లైసెన్సు కాగితం తిరగరాయించుకోవాలి. ఆ కాగితాలుండే బీరువా కామేశం కుర్చీ వెనకాల ఉంటుంది. అందుచేత కామేశం స్కూటరు టైర్లకి పేర్రాజు ఏనాడూ డబ్బులు తీసుకోలేదు.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. జనం గుమిగూడే ప్రతి చోటా ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి, పెద్ద మార్కెట్లలో ఆగబోయే గుండెని దారిలో పెట్టే మిషను కూడా ఉండాలి అని. ఉత్తర్వు మంచిదే. వచ్చిన పెట్టెలూ మంచివే. దూది, కట్టుగుడ్డ చుట్టలు, అంటించే పట్టీలు, గాయం కడిగే మందు, అన్నీ ఉన్నాయి. మిషనయితే మరీ మంచిది. ఛాతీ మీద రెండు బిళ్ళలు అంటిస్తే గుండె ఎలా కొట్టుకుంటోందో అదే చూసుకుంటుంది. ఏం చెయ్యాలో శుభ్రమైన తెలుగులో చెబుతుంది. అవసరమైతేనే షాకిస్తుంది, లేకపోతే లేదు. మునిసిపాలిటీలో అంత కచ్చితంగా పనిచేసేది ఏదీ అంతకుముందు అడుగుపెట్టలేదు. దానికా సంగతి తెలియదు పాపం.

కమిషనరుగారు స్వయంగా వచ్చి ప్రారంభోత్సవం చేశారు. పెట్టెలకి పసుపు రాసి బొట్లు పెట్టారు. మిషనుకి బంతిపూల దండ వేశారు. దాని ముందు కొబ్బరికాయ కొట్టమంటే, కొబ్బరికాయలమ్మే గుబ్బల మాణిక్యం ఉత్సాహం ఎక్కువై వేలు చితక్కొట్టుకున్నాడు. రక్తం బొటబొటా కారుతుంటే పేర్రాజు పెట్టె మూత తియ్యబోయాడు. కామేశం చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటోయ్ తొందర? ఇంకా గ్రూపు ఫోటో అవలేదు. సీలు తీసిన పెట్టె ఫోటోలో ఏం బావుంటుంది?"

"రక్తం కారతందండి."

"కారితే ఆగుతుంది. ఆగని రక్తం ఎక్కడైనా చూశావా?"

పేర్రాజు చేసేది లేక పంక్చరు సొల్యూషను తెచ్చి మాణిక్యం వేలికి రాశాడు. మార్కెట్లో ఎవరికి వేలు తెగినా అంతకుముందూ అదే మందు, ఆ తరవాతా అదే మందు. ఫోటోలో మాణిక్యం ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని నవ్వాడు. పెట్టె గేటు స్తంభానికి ఎక్కింది, సీలుతో సహా.

జనవరి నెలాఖరుకి జిల్లా నుంచి ఘాటుగా ఒక ఉత్తరం వచ్చింది. గవ్వలపేటలో ప్రథమ చికిత్స సామగ్రి వినియోగం సున్నా శాతం. మార్చి ముప్పై ఒకటిలోగా నూరు శాతం చూపకపోతే వచ్చే ఏడాది నిధులు రద్దు, బాధ్యులైన వారిపై తగు చర్య.

కమిషనరుగారు అత్యవసర సమావేశం పెట్టారు.

"గాయపడినవారు లేరనే సాకు నేను అంగీకరించను. ఈ పట్టణ జనాభా నలభై వేలు. నలభై వేలమందిలో తగినంతమంది గాయపడలేదంటే అది మన వైఫల్యం. గాయం అయ్యేదాకా ఎదురుచూసే మూస ధోరణి విడనాడాలి. గాయరహిత పౌరులను కూడా పథకం పరిధిలోకి తీసుకురావాలి."

వెనక కుర్చీలోని శానిటరీ ఇన్‌స్పెక్టరు నోరు జారాడు. "గాయం లేనివాళ్ళకి కట్టెందుకండి?"

"పోలియో చుక్కలు పోలియో వచ్చాక వేస్తున్నామా?" అన్నారు కమిషనరుగారు.

లక్ష్యసాధన బాధ్యత కామేశానికి అప్పగించి, టీ తాగి లేచారు.

మర్నాడు కామేశం సంచిలో దూది, కట్టుగుడ్డ పట్టుకుని పేర్రాజు షాపుకొచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు.

"ఏమోయ్ పేర్రాజూ, ఒంట్లో ఎలా ఉంది?"

"శుభ్రంగా ఉందండి, ఆయ్."

"అదే వచ్చిన చిక్కు. ఏదీ, మోచెయ్యి ఇలా పెట్టు."

"దెబ్బేం తగల్లేదండి కామేశంగారూ."

"తగిలితే డాక్టరు కడతాడు. నేను కడుతున్నానంటే తగల్లేదనేగా."

కట్టు బహు చక్కగా కట్టాడు. ఇరవయ్యేళ్ళు ఫైళ్ళకి తాడు కట్టిన చెయ్యి మరి.

"ఎన్నాళ్ళుంచుకోవాలండి ఇది?"

"ఫోటో తీశాక విప్పెయ్యొచ్చు. మార్చి వెళ్ళేదాకా ఉంచావనుకో, నీ లైసెన్సు కాగితం నేనే దగ్గరుండి సంతకం చేయిస్తాను."

పేర్రాజు ఉంచుకుంటానన్నాడు. కామేశం కాగితం తీసి రాసుకున్నాడు. గాయపడిన వ్యక్తి, యడ్ల పేర్రాజు. గాయం, మోచెయ్యి. సంఘటనా స్థలం, పేర్రాజు పంక్చరు షాపు ఎదుట. కింద పేర్రాజు చేత సంతకం పెట్టించాడు.

సాయంత్రం నూకరత్నం ఆ కట్టు చూసి గొల్లుమంది. గుడ్డ విప్పి చూసి టక్కున ఏడుపాపింది.

"దెబ్బ లేకుండా కట్టేంటయ్యా? తలకేవన్నా తగిలిందా?"

"తలకి రేపు కడతానన్నాడే."

మర్నాడు నిజంగానే తలకి కట్టాడు. ఆ పై రోజు మోకాలికి. తరవాత మాణిక్యానికి, వంకాయల సూరమ్మకి, మూటలు మోసేవాళ్ళకి. అందరివీ కాగితాలు పుట్టాయి. అన్నిట్లోనూ సంఘటనా స్థలం ఒకటే.

"అన్నీ నా షాపు ముందే అయినట్టు రాత్తన్నారేంటండి?" అని అడిగాడు పేర్రాజు.

"ఎక్కడో ఒకచోట అవ్వాలి కదోయ్. వేరే వేరే చోట్లు రాస్తే వార్డుకో సంతకం తెమ్మంటారు. నీ షాపయితే నాకు కళ్ళు మూసుకుని రాసెయ్యడం అలవాటైపోయింది. అయినా ప్రభుత్వ కాగితాల మీద నీ పేరు రోజుకి పదిసార్లు పడుతోంది. కమిషనరుగారి పేరు కూడా అన్నిసార్లు పడదు."

బడి హాజరు పట్టీలో కొట్టేసిన తరవాత, ఏటా ఒకసారి లైసెన్సు కాగితం మీద తప్ప, పేర్రాజు పేరు ఎక్కడా పడలేదు. అందుకని కాస్త సంతోషించాడు కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ తనని తనే తిట్టుకుంటాడు.

ఇంతలో మార్కెట్లో ఒక వింత జరిగింది. నూకరత్నం బొటనవేలికి కట్టు కట్టించుకుని కూర్చున్న రోజున గోంగూర కొనడానికొచ్చిన ఎవరో మేష్టారి భార్య బేరం ఆడబోయి ఆగిపోయింది.

"అయ్యో, చేతికేమైందమ్మా?"

"ఏం చెప్పమంటారండి" అంది నూకరత్నం. అబద్ధం ఒక్క ముక్క ఆడలేదు. మేష్టారి భార్య అడిగిన ధర ఇచ్చి, చిల్లర ఉంచుకోమని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికల్లా ఈ కబురు అన్ని వరసలకీ పాకింది. తెల్లారేసరికి కామేశం ముందు జనం బారు తీరారు. నిన్నటిదాకా బతిమాలి కట్టినవాడు ఇవాళ టోకెన్లు ఇస్తున్నాడు. చేతికట్టు మామూలు జనానికి, తలకట్టు కౌన్సిలరు చీటీ తెచ్చినవాళ్ళకి.

"సూరమ్మకి రెండు చేతులకీ కట్టి, నాకు చిటికెనవేలుకా? ఏం, మేం పన్ను కట్టట్లేదా?" అని ఉల్లిపాయల మనిషి గోల చేసింది.

మాణిక్యం తలకట్టుతో కూర్చుని కొబ్బరికాయలు అమ్మితే, కొన్నవాళ్ళు వాటిని వాళ్ళే కొట్టుకుని, వాడికో ముక్క పెట్టి వెళ్ళేవాళ్ళు. పక్కూరి నుంచి పెళ్ళి కూరగాయలకని వచ్చినవాళ్ళు గేటు దగ్గరే నిలబడిపోయి, "ఇక్కడ ఏదో జరిగింది, రేపొద్దాం" అని వెనక్కి పోయారు. పది రోజులు గడిచేసరికి కట్టు లేకుండా తిరిగేవాణ్ణి జనం తేరిపార చూడసాగారు. వీడొక్కడూ ఎలా తప్పించుకున్నాడా అని.

దూది సంగతి బాగానే ఉంది. మిషను సంగతే తేలలేదు. మార్చి రెండో వారంలో కమిషనరుగారు స్వయంగా మార్కెట్టుకి వేంచేశారు.

"చేతులు, కాళ్ళు, తలల విభాగాల్లో ప్రగతి సంతృప్తికరం. గుండె విభాగంలో శూన్యం. నలభై వేల గుండెల్లో ఒక్కటైనా ముందుకు రాదా?"

కామేశం పేర్రాజు వైపు చూశాడు. పేర్రాజు బీరువా గుర్తొచ్చి చొక్కా విప్పాడు.

"నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారండి" అన్నాడు బల్ల మీద పడుకుంటూ.

"నిన్ను పొమ్మని ఎవరన్నారోయ్? మిషను వాడుకోవాలి, అంతే."

బిళ్ళలు అంటించారు. మార్కెట్టంతా ఊపిరి బిగబట్టింది. మిషను గొంతు సవరించుకున్నట్టు ఓ శబ్దం చేసి, "గుండె లయ పరిశీలిస్తున్నాను. ఎవరూ తాకవద్దు" అంది. కాసేపాగి, "షాకు అవసరం లేదు" అంది.

"మళ్ళీ పెట్టండి" అన్నారు కమిషనరుగారు.

"షాకు అవసరం లేదు."

"సార్, వీడి గుండె కాస్త మొండిది. ఒక్క నిమిషం" అని కామేశం వంగి, పేర్రాజు చెవిలో, "నీ లైసెన్సు ఫైలు రెండ్రోజుల్నుంచి కనబడ్డం లేదోయ్" అన్నాడు. పేర్రాజు గుండె దడదడ కొట్టుకోవడం నూకరత్నానికి కూడా వినబడింది. మిషను ఆ దడ కూడా ఓపిగ్గా విని, షాకు అవసరం లేదంది.

మాణిక్యానికి పెట్టారు, సూరమ్మ మొగుడికి పెట్టారు. అదే మాట. ఆఖరికి కామేశం చొక్కా విప్పాడు. మిషను చాలాసేపు వెతికి, "బిళ్ళలు సరిగ్గా అంటించండి" అంది.

"గుండె ఆనలేదేమోనండి" అన్నాడు మాణిక్యం తలకట్టులోంచి.

మార్కెట్టు పగలబడి నవ్వింది. కమిషనరుగారు నవ్వలేదు. సాయంత్రానికి మిషను మీద మెమో అంటించారు. "ప్రజల సమక్షంలో ఉన్నతాధికారి ఆదేశాలను పలుమార్లు 'అవసరం లేదు' అని పలికి ధిక్కరించినందుకు నీపై ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజులలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలసినది." మిషను సంజాయిషీ ఇవ్వలేదు. సస్పెండు చేసి, చీపుళ్ళూ ఫినాయిలు డబ్బాలూ ఉండే గదిలో పెట్టారు. బిళ్ళలు అతికీ అతికీ పాడైపోయాయి కనక, గుండె విభాగంలో కూడా వినియోగం పూర్తయినట్టు కామేశం రాశాడు.

మార్చి ముప్పై ఒకటికి గవ్వలపేట నూట పన్నెండు శాతం సాధించింది. ఉన్నదానికంటే ఎక్కువ దూది ఎలా వాడారని ఎవరూ అడగలేదు. కమిషనరుగారికి జిల్లాలో శాలువా కప్పారు. పేర్రాజు కట్లన్నీ విప్పుకుని, ఒళ్ళంతా ఓసారి గోక్కుని, కామేశం దగ్గరికి వెళ్ళాడు.

"లైసెన్సు కాగితం అండి."

"సారు బల్ల మీదుందోయ్. అయిపోయినట్టే."

అయిపోయినట్టే అన్న మాట అక్షరాలా నిజమని ఏప్రిల్లో తెలిసింది.

గవ్వలపేట కాగితాలన్నీ పై ఆఫీసుకి చేరాయి. అక్కడ ఎవరో నిజంగానే చదివారు. అలా జరగొచ్చని కామేశం కలలో కూడా అనుకోలేదు. అయిదు వందల పైచిలుకు గాయాలు, రెండే నెలలు, చోటు ఒక్కటే. ఒకరోజు పొద్దున జీపు దిగిన ప్రమాద నివారణాధికారి ఇనప టోపీ పెట్టుకుని మరీ షాపు వైపు నడిచాడు. ఒక్కో అడుగూ బూటుతో నొక్కి చూసుకుంటూ వచ్చాడు. వెనక కమిషనరుగారు, ఆయన వెనక కామేశం.

"ఘాట్ రోడ్డు మలుపుల్లో కూడా ఇన్ని లేవు" అన్నాడు అధికారి, పేర్రాజుని జాలిగా చూస్తూ. "ఒక్క మీకే పదకొండుసార్లు తగిలిందట. ఇంకా ఇక్కడ ఎలా కూర్చున్నారండీ?"

"నాకేం తగల్లేదండి బాబూ."

అధికారి ఆ మాట వినిపించుకోలేదు. నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టి లోతు చూశాడు. "మునక ప్రమాదం" అన్నాడు. గాలి పంపు ఒకసారి నొక్కి వెనక్కి గెంతాడు. "పేలుడు ప్రమాదం" అన్నాడు. టైర్ల కింద నుంచి వంగి వెళ్ళి, "పతన ప్రమాదం" అన్నాడు. కామేశం అలవాటు కొద్దీ అన్నీ రాసుకుంటున్నాడు.

పేర్రాజు అధికారి ముందుకి ఉరికాడు.

"అయ్యా, అయ్యన్నీ ఉత్తుత్తి కట్లండి! దెబ్బల్లేవండి! ఇదుగో చూడండి" అని చొక్కా విప్పి, మోచేతులూ మోకాళ్ళూ తలా చూపించాడు. ఎక్కడా మచ్చయినా లేదు.

అధికారి కళ్ళజోడు సవరించుకుని, ఒళ్ళంతా చూసి, ముచ్చటపడిపోయాడు. "అద్భుతం. పదకొండు గాయాలు, ఆనవాలు లేకుండా మానాయి. ప్రథమ చికిత్స ఇంత ఫలితమిచ్చిన దాఖలా నేనెక్కడా చూడలేదు."

కమిషనరుగారు పేర్రాజు భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"చూడవయ్యా. దెబ్బలు నిజమైతే ఇది ప్రమాద స్థలం, నీ షాపు పోతుంది. దెబ్బలు అబద్ధమైతే ప్రభుత్వ దూది దుర్వినియోగం, పదకొండు కాగితాల మీద నీ సంతకముంది. అప్పుడు షాపుతో పాటు నువ్వూ పోతావు. నీ ఇష్టం. ప్రజాస్వామ్యం కదా."

పేర్రాజు దెబ్బలు నిజమేనన్నాడు.

నూకరత్నం ఊరుకోలేదు. గోంగూర బుట్ట అక్కడే పడేసి వచ్చి కామేశానికి అడ్డం నిలబడింది.

"ఎన్నేళ్ళయిందండి మీ స్కూటరికి మావోడు ఊరికే పంక్చర్లెయ్యబట్టి? ఒక్కనాడు పైసా అడిగాడా? ఆ పెద్దాయనకి ఒక్క మాట చెప్పలేరా?"

"నేను చెప్పేదేముందమ్మా, గాయాలు చెబుతున్నాయి" అన్నాడు కామేశం. కళ్ళు మాత్రం పైకెత్తలేదు.

"మాట్టాడే గాయాలు మీ ఆఫీసులోనే పుడతాయండి. మాకు తగిలితే మూలుగుతాయి, అంతే."

మార్కెట్టంతా గొణిగింది గానీ ఎవరూ ముందుకు రాలేదు. మాణిక్యం ఒక్కడు రెండడుగులు ముందుకేసి, తనకీ మూడు సంతకాలున్న సంగతి గుర్తొచ్చి, మూడడుగులు వెనక్కేశాడు.

సోమవారం పొద్దున లారీ వచ్చింది. పనివాళ్ళు రేకులు విప్పారు, పంపు దింపారు, తొట్టిలో నీళ్ళు కాలవలో ఒంపారు. కమ్మీ పీకుతుంటే ఆఖరి రేకు జారి పేర్రాజు పిక్క మీద పడింది. ఈసారి నిజంగా తెగింది. మడమ దాకా రక్తం కారింది. నూకరత్నం కొంగు చించబోతుంటే పేర్రాజు కుంటుకుంటూ స్తంభం దగ్గరున్న కామేశం ముందుకెళ్ళి కాలు చూపించాడు.

"ఇప్పుడు కట్టండి."

కామేశం కాలు చూశాడు, రక్తం చూశాడు, గడియారం చూశాడు.

"చిక్కొచ్చిందోయ్. పదకొండింటి నుంచి ఇది ప్రమాదరహిత ప్రాంతం. సారు ప్రకటన మీద సంతకం చేసేశారు. ఇప్పుడిక్కడ నీకు దెబ్బ తగలడానికి వీల్లేదు."

"తగిలిందండి మరి."

"తగల్లేదోయ్. నా మాట విను, లేనిపోని కేసవుతుంది."

పేర్రాజు నూకరత్నం చించిన కొంగు గుడ్డ కట్టుకుని, పంపు భుజాన వేసుకుని, రోడ్డు దాటాడు.

ఇప్పుడా చోటు చుట్టూ ఇనప కంచె ఉంది. పచ్చరంగు బోర్డు మీద 'ప్రమాదరహిత ప్రాంతం, ప్రవేశం నిషిద్ధం' అని రాసి ఉంది. లోపల ఏమీ లేదు. ఏమీ లేకుండా ఉంచినందుకు గవ్వలపేటకి ఆ ఏడు ఇంకో శాలువా వచ్చింది. పేర్రాజు నీళ్ళ ట్యాంకు కింద నేల మీద చతికిలబడి గాలి కొడుతున్నాడు. ఎండొస్తే ఇటూ, వానొస్తే అటూ జరుగుతుంటాడు. కామేశం స్కూటరు ఈ మధ్య ఆ దారిన రావడం లేదు.

పిక్క మీద గాయం ఎప్పుడో మానింది. మానని గాయం ఆ కంచె లోపల ఉంది. కొలుచుకుంటే తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. సరిగ్గా ఏడు గజాలు.